జీవం గుట్టు వెదికి, దేహం కాకినాడకిచ్చిన హాల్డేన్

కాకినాడ: భూమి మీద మొట్టమొదటి ప్రాణి ఎలా పుట్టింది? ఈ ప్రశ్న మనిషికి చాలా పాతది. దీనికి సమాధానం ప్రయోగశాలలో వెదకవచ్చునని స్పష్టంగా చెప్పిన తొలి శాస్త్రజ్ఞులలో జె.బి.ఎస్. హాల్డేన్ ఒకరు. ఇంగ్లండులో పుట్టి, భారత పౌరుడై, భువనేశ్వర్‌లో కన్నుమూసిన ఆయన తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు రాసి ఇచ్చారు. ప్రాణం ఉన్న శరీరానికీ ప్రాణం లేని పదార్థానికీ మధ్య గీత ఎక్కడ ఉందన్నది జీవితమంతా ఆలోచించిన మనిషి ఆయన. ఆ వీలునామా కూడా ఆ ఆలోచనకు తగినట్లే ఉంది.

తండ్రి వెంట గనుల్లోకి

హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ ఊపిరి గురించీ, విషవాయువుల గురించీ పరిశోధించిన పేరున్న శాస్త్రజ్ఞుడు. బొగ్గు గనుల్లో ప్రమాదం జరిగితే వెళ్లి, అక్కడి గాలిని తానే పీల్చి పరీక్షించేవారు. కొడుకును కూడా చిన్నతనంలోనే వెంట తీసుకువెళ్లారు.

ఒకసారి ఒక గనిలో పిల్లవాడిని నిలబెట్టి షేక్‌స్పియర్ నాటకంలోని ఒక ప్రసంగాన్ని పైకి చదవమన్నారు. కొద్దిసేపటికే ఆయాసం వచ్చింది, కాళ్లు తేలిపోయాయి, పిల్లవాడు నేల మీద కూలబడ్డాడు. అక్కడ గాలి బాగానే ఉంది. మన పాత నూతుల్లో చేరే చెడుగాలి బరువైనది, అడుగున ఉంటుంది. గనిలోని మీథేన్ వాయువు తేలికైనది, పైకప్పు దగ్గర చేరుతుంది. ఈ తేడా హాల్డేన్ పుస్తకం చూసి నేర్చుకోలేదు, పడిపోయి నేర్చుకున్నారు.

ఈటన్ పాఠశాలలోనూ, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోనూ ఆయన చదివినది గణితం, గ్రీకు, లాటిన్ సాహిత్యాలు, తత్వశాస్త్రం. సైన్సులో ఆయనకు డిగ్రీ లేదు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగానే సైన్యంలో చేరి ఫ్రాన్సులోనూ, నేటి ఇరాక్ ప్రాంతంలోనూ పోరాడారు. గాయపడిన ఆయనను కోలుకోవడానికి భారతదేశానికి పంపారు. అప్పుడే ఈ దేశం ఆయన మనసుకు పట్టింది. అయితే పాలించే జాతి మనిషిగా కాక, ఇక్కడివారితో సమానుడిగా మళ్లీ రావాలనుకున్నారు. అందుకు దాదాపు 40 ఏళ్లు పట్టింది.

తన ఒళ్లే ప్రయోగశాల

యుద్ధం ముగిశాక ఆక్స్‌ఫర్డ్‌లోనూ, 1923 నుంచి కేంబ్రిడ్జిలోనూ పనిచేశారు. తండ్రి నేర్పిన అలవాటు ఆయనను వదలలేదు. రక్తంలో ఆమ్లం పెరిగితే శరీరం ఏం చేస్తుందో తెలుసుకోవడానికి నీళ్లు కలిపిన ఆమ్లాన్ని తాగారు. అది చాలక నవాసారం తిన్నారు. రోజుల తరబడి ఆయాసపడ్డారు. ఆ పద్ధతి తరువాత పసిపిల్లలకు వచ్చే ఒక రకం ఈడ్పుల చికిత్సకు పనికివచ్చింది.

1939 జూన్‌లో థీటిస్ అనే బ్రిటిష్ జలాంతర్గామి మునిగి 99 మంది మరణించారు. నీటి అడుగున గాలి ఒత్తిడి మనిషిని ఏం చేస్తుందో తేల్చే పని హాల్డేన్‌కు వచ్చింది. ఆయన ఉక్కు గదిలో కూర్చుని, ఒత్తిడి పెంచి, రకరకాల వాయువులు పీల్చి చూశారు. ఒక ప్రయోగంలో ఈడ్పులు వచ్చి వెన్నుపూసలు దెబ్బతిన్నాయి. ఆ నొప్పి చివరిదాకా ఉంది.

ఇదంతా సాహసం కోసం చేసినది కాదు. శరీరంలో జరిగేది రసాయనిక క్రియేననీ, దానిని కొలవవచ్చుననీ, కొలిచి తెలుసుకోవచ్చుననీ ఆయన నమ్మకం. ఆ నమ్మకమే ఆయనను అసలు ప్రశ్న దగ్గరికి తీసుకువెళ్లింది. శరీరం నడిచేది రసాయనిక క్రియలతోనే అయితే, మొదటి శరీరం కూడా వాటితోనే తయారై ఉండకూడదా?

పాశ్చర్ చెప్పినదానికి అవతల

పేడలోనుంచి పురుగులు పుడతాయనీ, కుళ్లిన మాంసంలోనుంచి ఈగలు పుడతాయనీ ఒకప్పుడు అన్ని దేశాలవారూ నమ్మేవారు. 1860 ప్రాంతంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ ఆ నమ్మకానికి స్వస్తి చెప్పారు. హంస మెడలా వంచిన గాజు కుప్పెలో పులుసు మరిగించి ఉంచితే అది చెడిపోలేదు. మెడ విరగగొట్టగానే గాలిలోని దుమ్ము పడి చెడిపోయింది. సూక్ష్మజీవి కూడా మరో సూక్ష్మజీవి నుంచే పుడుతుందని తేలింది.

కాని ఇక్కడే చిక్కు వచ్చింది. ప్రాణి నుంచే ప్రాణి పుడితే మొదటి ప్రాణి ఎక్కడిది? కొందరు వేరే గ్రహం నుంచి వచ్చిందన్నారు. అలా అంటే అక్కడ ఎలా పుట్టిందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఇది సైన్సు పరిధిలోది కాదని మరికొందరు వదిలేశారు.

1929లో హాల్డేన్ ఒక చిన్న వ్యాసం రాశారు. పాశ్చర్ చూపినది నేటి భూమి సంగతి అనీ, కోట్ల ఏళ్ల కిందటి భూమి ఇలా లేదనీ ఆయన వాదన.

పలుచని వేడి చారు

తొలినాళ్లలో గాలిలో ప్రాణవాయువు దాదాపు లేదు. నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు, అమ్మోనియా ఉన్నాయని ఆయన ఊహించారు. ఇప్పుడు ఆకాశంలో ఎత్తున ఉన్న ఓజోన్ పొర సూర్యుడి అతినీలలోహిత కిరణాలను చాలావరకు ఆపుతుంది. ప్రాణవాయువు లేనినాడు ఓజోన్ కూడా లేదు. కాబట్టి ఆ కిరణాలు నేరుగా సముద్రం మీద పడేవి. వాటి ధాటికి ఈ వాయువులు కలిసి చక్కెరల వంటి పదార్థాలూ, మాంసకృత్తులకు కావలసిన ముడిసరుకూ తయారై ఉంటాయన్నారు.

అవి నేడు తయారైతే ఏ సూక్ష్మజీవో తినేస్తుంది. మూత తీసి ఉంచిన పులుసు తెల్లారేసరికి పాడైపోయినట్లే. ఆనాడు తినే జీవి లేదు. అందువల్ల అవి పేరుకుంటూ పోయి, సముద్రం మొత్తం ఒక పలుచని వేడి చారులా మారిందని హాల్డేన్ అన్నారు. ఆ చారులో పెద్ద అణువులు ఏర్పడ్డాయి. వాటిలో కొన్ని తమ వంటివాటినే మళ్లీ తయారుచేసుకోగలిగాయి. సగం ప్రాణం ఉన్నట్టు, సగం లేనట్టు ఉన్న అటువంటి పదార్థాలు ఎంతో కాలం గడిపి, చివరికి ఒక పొర లోపల చేరి మొదటి జీవకణం అయ్యాయన్నది ఆయన ఊహ.

తాను చెప్పినది ఊహేననీ, ప్రయోగశాలలో జీవిని తయారుచేసేవరకు ఊహగానే ఉంటుందనీ ఆ వ్యాసంలోనే స్పష్టం చేశారు. ఇటువంటి ఆలోచననే మాస్కోలో అలెగ్జాండర్ ఒపారిన్ 1924లో రష్యన్ భాషలో ప్రచురించారు. ఆ సంగతి హాల్డేన్‌కు అప్పుడు తెలియదు. నేడు ఈ సిద్ధాంతం ఇద్దరి పేరుతోనూ చెలామణి అవుతోంది.

వారం రోజుల మెరుపులు

ఆ ఊహకు మొదటి గట్టి పరీక్ష 1953లో వచ్చింది. అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో ఆచార్య హెరాల్డ్ యూరీ దగ్గర చదువుతున్న 23 ఏళ్ల స్టాన్లీ మిల్లర్ గాజు గొట్టాలతో ఒక పరికరం కట్టారు. ఒక కుప్పెలో నీళ్లు మరుగుతుంటాయి. అది సముద్రం. మరో కుప్పెలో మీథేన్, అమ్మోనియా, ఉదజని ఉంటాయి. అది ఆకాశం. అందులో మెరుపులకు బదులు విద్యుత్తు నిప్పురవ్వలు పుట్టించారు. వారం తిరిగేసరికి నీరు ఎర్రబారింది. పరీక్షిస్తే అందులో ఎమైనో ఆమ్లాలు కనిపించాయి. మన ఒంట్లోని మాంసకృత్తులన్నీ ఈ ఎమైనో ఆమ్లాల కూర్పే.

మిల్లర్ జీవిని తయారుచేయలేదు. జీవికి కావలసిన ఇటుకలు వాటంతట అవే తయారు కాగలవని చూపారు. ఇటుకల కుప్పకూ ఇంటికీ మధ్య దూరం చాలా ఉంది. అయినా ఈ ప్రశ్నను ప్రయోగానికి పెట్టవచ్చునన్న హాల్డేన్ మాట నిలబడింది.

మెప్పూ తప్పూ

అప్పటికి హాల్డేన్ పేరు ప్రపంచమంతా తెలుసు. 1933 నుంచి లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆచార్యుడు. తరతరాలుగా జీవుల లక్షణాలు ఎలా మారతాయో గణితంతో లెక్కకట్టిన ముగ్గురు ప్రముఖుల్లో ఆయన ఒకరు. తలసీమియా అనే రక్తవ్యాధి మలేరియా ఉన్న ప్రాంతాల్లోనే ఎందుకు ఎక్కువన్న దానికి 1949లో ఒక వివరణ ఇచ్చారు. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే ఆ లోపం వచ్చినవారికి మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందన్నారు. తరువాతి పరిశోధనలు దీనిని సమర్థించాయి.

సామాన్యులకు సైన్సు చెప్పాలన్న తపనతో ఒక కార్మిక పత్రికలో వందలాది వ్యాసాలు రాశారు. 1942లో కమ్యూనిస్టు పార్టీలో చేరారు. ఇక్కడే ఆయన మీద ఒక మచ్చ పడింది. సోవియట్ దేశంలో లైసెంకో అనే వ్యక్తి జన్యుశాస్త్రం అబద్ధమని ప్రచారం చేసి, ప్రభుత్వ అండతో శాస్త్రజ్ఞులను వేధించాడు. వవిలోవ్ వంటి మహాశాస్త్రవేత్త 1943లో జైలులో మరణించారు. జన్యుశాస్త్రంలో దిట్ట అయిన హాల్డేన్ దీనిని వెంటనే గట్టిగా ఖండించలేకపోయారు. 1950 ప్రాంతంలో పార్టీకి దూరమయ్యారు. తన ఒంటి మీద ప్రయోగానికి వెనుకాడని మనిషి తన పార్టీని ప్రశ్నించడానికి వెనుకాడారన్న విమర్శ నేటికీ ఉంది.

కలకత్తాలో గ్రహణం రాత్రి

1956లో బ్రిటన్ ఈజిప్టుపై దాడి చేసింది. దానికి నిరసనగా దేశం విడుస్తున్నట్లు ప్రకటించి, 1957లో హాల్డేన్ భార్య హెలెన్ స్పర్వేతో కలిసి కలకత్తా చేరారు. ఆమె కూడా జీవశాస్త్రజ్ఞురాలే. అక్కడ మహలనోబిస్ నడుపుతున్న భారత గణాంక సంస్థలో ఆచార్యుడిగా చేరారు. పంచె, లాల్చీ కట్టారు. మాంసం మానేశారు. 1961లో భారత పౌరసత్వం తీసుకున్నారు.

ఆయన వచ్చిన ఏడాదే అక్టోబరులో సోవియట్ దేశం మొదటి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్‌ను పంపింది. నవంబరులో జాషువా లెడర్‌బర్గ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు కలకత్తాలో ఆయన ఇంట విందుకు వచ్చారు. ఆ రాత్రి చంద్రగ్రహణం. అది రష్యా విప్లవానికి 40 ఏళ్లు నిండిన సమయం కూడా. సోవియట్లు ఆ సందర్భానికి గ్రహణం పట్టిన చంద్రుడి మీద బాంబు పేల్చి లోకానికి చూపుతారేమోనన్న మాట హాల్డేన్ నోట వచ్చింది.

అలా జరగలేదు. కాని లెడర్‌బర్గ్ మనసులో ఒక భయం పాతుకుంది. దేశాల పోటీలో పంపే నౌకలు భూమి మీది సూక్ష్మజీవులను చంద్రుడికీ, కుజుడికీ మోసుకుపోతే? ఆ తరువాత అక్కడ జీవం కనబడినా అది అక్కడిదో, మనం మోసినదో ఎవరు చెప్పగలరు? ఆయన తిరిగి వెళ్లి అమెరికాలోని శాస్త్రజ్ఞులను హెచ్చరించారు. 1958లో నోబెల్ బహుమతి పొందిన లెడర్‌బర్గ్, భూమికి అవతలి జీవుల అన్వేషణకు ఒక శాస్త్రంగా పేరు పెట్టారు. 1976లో కుజుడిపై దిగిన వైకింగ్ నౌకలను 110 డిగ్రీలకు పైగా వేడిలో గంటల తరబడి ఉంచి, సూక్ష్మజీవులు లేకుండా చేశాకే పంపారు. ఈ జాగ్రత్త వెనుక కలకత్తా విందు మాటలు కూడా ఉన్నాయి.

ఇతర గ్రహాల జీవం గురించి హాల్డేన్ 1954లోనే ఒక వింత ఆలోచన చెప్పారు. మన జీవానికి నీరు ఆధారం. విపరీతమైన చలి ఉన్న గ్రహాల మీద నీటికి బదులు ద్రవరూపంలోని అమ్మోనియా ఆధారంగా జీవం ఉండరాదా అన్నారు. దీనిపై శాస్త్రజ్ఞులు ఇప్పటికీ చర్చిస్తున్నారు.

పిఠాపురం శిష్యుడు

ఖరీదైన యంత్రాలు లేకపోయినా భారతదేశంలో మంచి పరిశోధన చేయవచ్చుననీ, కళ్లూ లెక్కలూ ఉంటే చాలుననీ హాల్డేన్ శిష్యులకు చెప్పేవారు. ఆయన శిష్యుల్లో పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. కంచెల వెంట పెరిగే లాంటానా పూలలో ఏ సీతాకోకచిలుక ఏ రంగును ఎంచుకుంటుందో ఆయన గంటల తరబడి కూర్చుని లెక్కించారు. ఆంధ్రప్రదేశ్‌లోని మేనరికాల మీదా, వాటివల్ల పిల్లలకు కలిగే ఫలితాల మీదా మీరాఖాన్‌తో కలిసి పరిశోధించారు. తరువాత అమెరికాలో స్థిరపడి హాల్డేన్ జీవితం గురించి పుస్తకాలు రాశారు. 2020లో మరణించారు.

కోనసీమ రైతులకు తెలిసిన కొబ్బరిచెట్టు మీద కూడా హాల్డేన్ బృందంలో పని జరిగింది. కొన్ని చెట్లకు మట్టలు ఎడమవైపుగా, కొన్నింటికి కుడివైపుగా చుట్టు తిరుగుతూ వస్తాయి. టి.ఎ. డేవిస్ అనే పరిశోధకుడు తోటల్లో చెట్లు లెక్కించి, ఈ తేడా తల్లిచెట్టు నుంచి పిల్లచెట్టుకు వచ్చేది కాదని తేల్చారు.

1961లో హాల్డేన్ గణాంక సంస్థను విడిచారు. మరుసటి ఏడాది ఒరిస్సా ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ ఆహ్వానంపై భువనేశ్వర్ వెళ్లి జన్యుశాస్త్ర ప్రయోగశాలను ప్రారంభించారు.

చివరి దానం

1963లో అమెరికాలోని ఫ్లోరిడాలో జీవం పుట్టుకపై సదస్సు జరిగింది. హాల్డేన్, ఒపారిన్ అక్కడ మొదటిసారి కలుసుకున్నారు. ఇద్దరూ వృద్ధులు. ఈ ఆలోచనలో ముందువాడు ఒపారినే అని హాల్డేన్ అందరి ఎదుటా ఒప్పుకున్నారు.

ఆ ప్రయాణంలోనే జబ్బు బయటపడింది. పెద్దపేగు చివర క్యాన్సర్. లండన్‌లో శస్త్రచికిత్స జరిగింది. ఆసుపత్రి మంచం మీదే ఆయన తన జబ్బు మీద హాస్య కవిత రాశారు. అనుమానం రాగానే సిగ్గుపడక వైద్యుడి దగ్గరికి వెళ్లమని చెప్పడమే దాని ఉద్దేశం. కొందరు అభిమానులు నొచ్చుకున్నా ఆయన లెక్కచేయలేదు. తిరిగి భువనేశ్వర్ వచ్చి, పనిచేస్తూనే 1964 డిసెంబరు 1న, 72వ ఏట కన్నుమూశారు.

దహనం వద్దు, ఖననం వద్దు, తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇవ్వాలని ముందే రాసి ఉంచారు. బతికినంత కాలం ఆ శరీరాన్ని పరిశోధనకు వాడుకున్నాననీ, పోయాక తనకు దానితో పనిలేదు గనుక ఇతరులు వాడుకోవాలనీ ఆయన భావం. 1958లో మొదలైన ఆ కళాశాలకు అప్పటికి ఆరేళ్లు. మరణించిన తమవారి దేహాన్ని కోతకు ఇవ్వడమంటే మన పల్లెల్లో నేటికీ గుండె ఒప్పుకోదు. అటువంటిది 1964లో ప్రపంచ ప్రఖ్యాతి గల ఒక మనిషి ఆ పని చేశారు. హెలెన్ స్పర్వే ఈ దేశంలోనే ఉండిపోయి 1978లో హైదరాబాదులో మరణించారు.

తేలినదీ తేలనిదీ

హాల్డేన్ చెప్పినవన్నీ నిలవలేదు. తొలినాటి గాలిలో అమ్మోనియా ఆయన అనుకున్నంతగా లేదనీ, నత్రజని, బొగ్గుపులుసు వాయువే ఎక్కువనీ నేడు చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. జీవం ఎండ తగిలే నీటిలో కాక సముద్రం అడుగున వేడినీళ్లు చిమ్మే పగుళ్ల దగ్గర పుట్టిందని కొందరి వాదన. భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్లు. కనీసం 340 కోట్ల ఏళ్ల కిందటే సూక్ష్మజీవులు ఉన్నట్లు రాళ్లలో ఆధారాలు దొరికాయి. గాలిలో ప్రాణవాయువు పెరిగింది దాదాపు 240 కోట్ల ఏళ్ల కిందట. తొలి భూమిపై ప్రాణవాయువు లేదన్న హాల్డేన్ మాట మాత్రం నిజమైంది.

2023 సెప్టెంబరులో బెన్నూ అనే చిన్న గ్రహశకలం నుంచి అమెరికా నౌక మట్టి తెచ్చింది. అందులో జీవులు వాడుకునే 20 ఎమైనో ఆమ్లాల్లో 14 ఉన్నట్లు 2025 జనవరిలో ప్రకటించారు. అమ్మోనియా కూడా ఎక్కువగానే ఉంది. అక్కడ ప్రాణి ఏదీ లేదు, ముడిసరుకు మాత్రం ఉంది. జీవానికి కావలసిన ఇటుకలు ఒక్క భూమికే పరిమితం కాదని దీనితో మరింత స్పష్టమైంది.

ఇటుకలు ఇల్లుగా ఎలా మారాయన్నది మాత్రం ఇంకా ఎవరూ చూపలేదు. ముడి రసాయనాల నుంచి ప్రాణం ఉన్న జీవిని ఏ ప్రయోగశాలా తయారుచేయలేదు. 1929లో హాల్డేన్ పెట్టిన షరతు అదే. ఆ షరతు నెరవేరేదాకా తన మాటను ఊహగానే చూడమన్నారు. కాబట్టి ఆయన సిద్ధాంతాన్ని నమ్మాలా వద్దా అన్నది కాదు ప్రశ్న, పరీక్షించాలి. మన ఊరి బడిలో సైన్సు చదివే పిల్లలకు హాల్డేన్ వదిలిన పని ఇంకా మిగిలే ఉంది.